వాడకట్టు ఫోనుకు కొలువు

వంట చేసేవాళ్లను వంట చేయించి చూసి పనిలో పెట్టుకోవడం పాత పద్ధతి. అన్నం ముద్దయిందా, పప్పు మాడిందా, చేతులు కడుక్కుందా లేదా చూసి, సరే రేపట్నుంచి రా అనేవాళ్లు. ఇంత అనాగరికమైన పద్ధతి ఇన్నాళ్లు ఎలా సాగిందా అని తలుచుకుంటే మా జిల్లా వసతిగృహాల సంస్థ పెద్దలకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. అందుకే మార్చేశారు.

ఎలా మార్చారంటే, సంస్థ జాయింట్ డైరెక్టర్ మురహరిరావు గారు రాజధానిలో ఏదో పెద్ద హోటల్లో సదస్సుకు వెళ్లారు. చల్లటి గదిలో మెత్తటి కుర్చీలో కూర్చుని అక్కడొక మాట విన్నారు. మనిషి ఎలాంటివాడో మనిషిని చూస్తే తెలియదట, అతని ఫోను చూస్తే తెలుస్తుందట. భోజనాల దగ్గర ఇంకో మాట విన్నారు. తప్పు చేయనివాడికి దాచుకోవలసింది ఏమీ ఉండదట. రెండు మాటలూ ఆయనకు అక్కడి పనీర్ కూర కంటే బాగా నచ్చాయి. తిరిగొస్తూ ఆ మాటలతోపాటు నిశాంత్ అనే సలహాదారుణ్ని కూడా తెచ్చుకున్నారు. నిశాంత్ కుర్రవాడు. ఎప్పుడూ ఒళ్లో కంప్యూటర్ ఉంటుంది. ఎండలో నడిచిన గుర్తులు ఒంటిమీద ఎక్కడా కనిపించవు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది.

"సంస్థయందు ఏ స్థాయి ఉద్యోగము కోరువారైనను తమ చరవాణిని తాళము తీసి సీలు కవరులో సమర్పించవలెను. సదరు చరవాణి యందలి సంభాషణలు, ఛాయాచిత్రములు, స్వరసందేశములు పరిశీలించి అభ్యర్థి నడవడి నిర్ధారించబడును. తప్పు చేయనివారికి దాచుకొనవలసినది ఏమియు ఉండదు. అంతర్జాలమున ఎట్టి జాడయు లేని అభ్యర్థి తన గతమును దాచినట్లు భావించబడును."

చివరి వాక్యం ఇంకోసారి చదవండి. ఏదైనా దొరికితే దోషి. ఏమీ దొరకకపోతే ఇంకా పెద్ద దోషి.

కాపలా ఉద్యోగానికి వచ్చిన మైసయ్య దగ్గర బటన్ల ఫోను తప్ప ఏమీ లేదు. "ఇన్నేళ్ల జీవితంలో మీరు ఒక్కసారి కూడా ఎవరికీ శుభోదయం చెప్పలేదా?" అని అడిగాడు నిశాంత్. "చెప్పిన సారు, నోటితోని చెప్పిన" అన్నాడు మైసయ్య. నోటికి రికార్డు లేదు కాబట్టి మైసయ్యకు ఉద్యోగం లేదు. అతను అప్పుచేసి పెద్ద ఫోను కొని, గతం సంపాదించుకుందామని రోజూ పొద్దున్నే గులాబీ పూలు, లేచే సూర్యుడు, నవ్వే పసిపిల్లల బొమ్మలు తెలియని నంబర్లకు పంపడం మొదలుపెట్టాడు. ఒక ఇంటావిడ మొగుడు వచ్చి కొట్టాడు. ఆ దెబ్బలు కూడా నడవడి కిందకే వచ్చాయి.

ఇక కొమురవ్వ సంగతి.

మా ఊరి బాలికల హాస్టల్లో వంట కొమురవ్వది. ఏళ్ల తరబడి రోజుకూలీ మీదే చేస్తోంది. ఆ పిల్లలకు ఎవరికి చింతపండు పడదో, ఎవరు కూరలో వంకాయ కనిపిస్తే కంచం పక్కకు నెడతారో ఆమెకు తెలుసు. ఇన్నాళ్లకు ఆ వంట కొలువును పర్మనెంటు చేస్తామని ప్రకటన వచ్చింది. వినడానికి బాగానే ఉంది. కానీ పర్మనెంటు మనిషి వచ్చిన రోజున రోజుకూలీ మనిషి ఇంటికి పోవాలి. అంటే ఆ కొలువు కొమురవ్వకు రావాలి, లేదా ఉన్న పొయ్యి కూడా పోవాలి. మొగుడు పోయి చాలాకాలమైంది. వేరే ఆధారం లేదు.

"ఫోను పట్టుకొని పోవాల్నట పెద్దమ్మా" అంది కొమురవ్వ, పక్కింటి బాలవ్వతో. బాలవ్వ వాడకట్టు మహిళా సంఘం పెద్ద. వయసు ఎంతో ఆమెకే తెలియదు, నోరు మాత్రం పాతికేళ్లది.

"ఎవలి ఫోను?"

"నా ఫోనట."

"నీకు ఫోనేడిదే?"

అదీ సమస్య. కొమురవ్వకు ఫోను లేదు. ఉన్నది వాడకట్టు ఫోను. సంఘం ఆడవాళ్లంతా కలిసి కొన్నది. బాలవ్వ ఇంటి గుమ్మం పక్కన మేకుకు గుడ్డసంచిలో వేలాడుతుంటుంది. ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకుంటారు. ఎవరైనా నంబరు అడిగితే అందరూ అదే చెబుతారు. దానికి వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు ఒక్కటే. ఫోను మోగితే, ఎవరికి వచ్చిందో వాళ్లు ఎత్తుతారు. మిగతావాళ్లు మొహం అటు తిప్పుకుంటారు. బియ్యం ఏరుతున్నా, జడ వేస్తున్నా, కొట్లాడుకుంటున్నా సరే, చేతి పని ఆపకుండా మొహం తిప్పుతారు. ఇరుకు సందులో అందరి ఇళ్లకూ కలిసి ఒకటే గోడ. చెవులు మూసుకోలేరు కాబట్టి మొహాలు తిప్పుకుంటారు. ఈ కట్టుబాటు రాసి పెట్టినవాడెవడూ లేడు. దాటినవాళ్లూ ఎవరూ లేరు.

ఆ ఫోనే పట్టుకుని కొమురవ్వ సంస్థ ఆఫీసుకు వెళ్లింది. పరిచయకర్తలు ఇద్దరు కావాలన్నారు కాబట్టి బాలవ్వ వెంట వచ్చింది, కుట్టుమిషను సులోచన వచ్చింది. సులోచన మొగుడు గంగారాం మస్కట్‌లో ఉంటాడు. డ్రైవర్ పని. ఫోనును గంటసేపు వదిలిపెట్టడం సులోచనకు ఇష్టం లేదు. అయినా కొమురవ్వ కోసం వచ్చింది.

గుమాస్తా ఫోను తాళం తీయించి, కవరులో పెట్టి, లక్క వేసి, మురహరిరావు గారి బల్ల మీద పెట్టాడు.

"ముందుగా పరిచయకర్తల విచారణ" అన్నారు మురహరిరావు గారు. కాగితంలో చూసి, బల్ల మీది ల్యాండ్‌లైన్ ఎత్తి నంబరు నొక్కారు.

బల్ల మీది కవరు మోగింది.

ఆయన కవరు వైపు చూడలేదు. కిటికీలోంచి దూరంగా ఎక్కడో ఉన్న పరిచయకర్త కోసం చూస్తున్నారు. కవరు మోగి మోగి ఆగింది.

"మొదటి పరిచయకర్త స్పందించలేదు" అని రాసుకోబోయారు.

"నేనీడనే ఉన్న గద సారు! ఏం గావాల్నో అడుగు" అంది బాలవ్వ.

"అమ్మా, పరిచయకర్తను ఫోను ద్వారానే విచారించవలెనని నిబంధన. ముఖాముఖి అయితే మొహమాటానికి ఆస్కారం ఉంటుంది."

"అయితే గా కవరు చింపు, ఎత్తుత."

"పరిచయకర్తల విచారణ పూర్తి కానిదే కవరు తెరవరాదు."

బాలవ్వ కొమురవ్వను చూసింది. కొమురవ్వ సులోచనను చూసింది. సులోచన ఫ్యాను వైపు చూసింది. అప్పుడు నిశాంత్‌కు ఉపాయం తట్టింది. సలహాదారులకు జీతం ఇచ్చేది ఇందుకే. కవరుకు చిన్న చిల్లు పెడితే తెరిచినట్టు కాదు, వేలు పట్టేంత చిల్లు చాలు అన్నాడు. చిల్లు పెట్టారు. మురహరిరావు గారు మళ్లీ నంబరు నొక్కారు. నిశాంత్ చిల్లులోంచి వేలు దూర్చి ఎత్తాడు, స్పీకరు పెట్టాడు. బాలవ్వ బల్ల మీదికి వంగి చిల్లు దగ్గర నోరు పెట్టింది.

"అలో!"

"హలో. ఎవరు మాట్లాడేది?" అన్నారు మురహరిరావు గారు, ఎదురుగా మూరెడు దూరంలో కూర్చుని, రిసీవరులోకి.

"నేనే సారు, బాలవ్వను. నీ ముంగటనే ఉన్న."

"ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?"

బాలవ్వ చుట్టూ చూసింది. "మీ ఆఫీసుల నుంచి."

"కొమురవ్వ అనే వ్యక్తి మీకు తెలుసా?"

"తెలుసు. నా పక్కకే ఉన్నది."

"ఆమె పక్కన ఉండగా మీరు స్వేచ్ఛగా అభిప్రాయం చెప్పలేరు. ఆమెను అక్కణ్నుంచి పంపించెయ్యండి."

బాలవ్వ చిల్లుకు అరచెయ్యి అడ్డం పెట్టింది. "బిడ్డా, జర బయటికి పో. ఫోన్ల సారు పొమ్మంటున్నడు."

కొమురవ్వ వరండాలోకి వెళ్లి నిలబడింది.

"ఆమె నడవడి ఎలాంటిది?"

"మంచిది."

"ఆధారం?"

"నేను చెప్తున్న గద."

"ఆమె ఎప్పుడైనా సంస్థకు వ్యతిరేకంగా వ్యాఖ్యలు చేసిందా?"

"బియ్యంల పురుగులున్నయన్నది."

మురహరిరావు గారు తీవ్రంగా రాసుకున్నారు.

"వంట ఎట్లుంటదో అడుగవా సారు?"

"అది ఈ పరిశీలన పరిధిలోకి రాదు" అని ఫోను పెట్టేసి, రెండో పరిచయకర్త నంబరు నొక్కారు. మళ్లీ కవరే మోగింది. ఈసారి సులోచన వంగింది.

"మీ నంబరు, మొదటి పరిచయకర్త నంబరు ఒకటేలా ఉన్నాయి. మీ ఇద్దరికీ సంబంధమేమిటి?"

"ఒక్క ఫోను సారు."

"అంటే ముందే మాట్లాడుకుని వచ్చారన్నమాట."

"ఒక్క ఆటోల వచ్చినం" అంది సులోచన. ఆ సంగతి కూడా రాసుకున్నారు.

విచారణ అయింది. కొమురవ్వను లోపలికి పిలిచి, కవరు చింపారు. ఫోనుకు తీగ తగిలించి, బల్ల చివర ఉన్న డబ్బాలాంటి స్పీకరుకు కలిపాడు నిశాంత్. స్వరసందేశాలను సభ్యులందరూ వినాలట, ఒక్కరే వింటే పక్షపాతం వస్తుందట. సభ్యులు ఎవరంటే, మురహరిరావు గారు, నిశాంత్, లక్క వేసిన గుమాస్తా, ఇంకో ఇద్దరు గుమాస్తాలు. అప్పుడే సమోసాలు వచ్చాయి.

ముందు ఎవరిదో భజన వచ్చింది. తర్వాత ఎవరో బ్లౌజు చేతులు పొట్టిగా కుట్టావని తిట్టింది. ఎవరిదో రక్తపరీక్ష కాగితం ఫొటో వచ్చింది. గుమాస్తా దాన్ని పెద్దది చేసి చూసి "షుగర్ మస్తుగున్నది" అన్నాడు. ఆ తర్వాత ఒక మగగొంతు గదంతా నిండింది.

"సులోచనా... నేనే. ఇంట్ల ఎవలికి చెప్పకు. డ్రైవర్ పని అన్నరు గని, ఈడ మేకల కాడ ఇడిసిపెట్టిన్రు. చుట్టూ ఇసుకనే. నీళ్లు గూడ కాగినట్టుంటయి. నిన్న కలల నువ్వు రొట్టె కొడుతున్నవ్... నవ్వకు. పిల్లకు మాత్రం డ్రైవర్ అనే చెప్పు."

తర్వాత మాట లేదు. ఒక మగవాడు వెక్కుతున్న చప్పుడు. డబ్బా స్పీకరులో అది ఇంకా పెద్దగా వినిపించింది.

కొమురవ్వ, బాలవ్వ అప్పటికే మొహం గోడ వైపు తిప్పేసుకున్నారు. గుమాస్తాలు సమోసా నములుతూ స్పీకరు వంక చూస్తున్నారు.

"ఈ ఏడుపు వంట పనిపై ప్రభావం చూపుతుందా?" అని అడిగారు మురహరిరావు గారు.

"భావోద్వేగ సూచీ హై సర్. కానీ రిలేషన్‌షిప్ స్కోరు కూడా హై. ప్రొఫైల్ చాలా రిచ్‌గా ఉంది" అన్నాడు నిశాంత్.

సులోచన లేచి నిలబడింది. "బంద్ చెయ్యుండ్రి సారు. గది నాకు పంపింది."

"అమ్మా, ఉద్యోగం కోరుతున్నది ఎవరు?"

"కొమురవ్వ."

"మీరు అభ్యర్థి కారు గదా. పరిశీలన అభ్యర్థికి సంబంధించింది. కనుక మీ గోప్యతకు భంగమనే ప్రశ్నే ఉత్పన్నం కాదు."

ఇంతలో మురహరిరావు గారి జేబులో ఫోను మోగింది. ఆయన తీసి, తెర చూసి, చటుక్కున ఛాతీకి ఆనించుకున్నారు. లేచి వరండా చివరికి పోయి, అటు తిరిగి, చేయి అడ్డం పెట్టుకుని గుసగుసగా మాట్లాడి వచ్చారు. వచ్చాక ఫోనును బల్ల మీద బోర్లా పెట్టారు.

"గా ఫోను ఎవలు చూస్తరు సారు?" అని అడిగింది కొమురవ్వ.

గదిలో నములుడు ఆగింది.

"పరిశీలకులను పరిశీలిస్తే ఇక పరిశీలనకు అంతెక్కడ?" అన్నారు మురహరిరావు గారు, పసిపిల్లకు చెప్పినట్టు.

రెండో రోజుకల్లా ఊరంతా పాకింది. సమోసా తిన్న నోళ్లు ఊరుకుంటాయా? బడి నుంచి వచ్చిన సులోచన బిడ్డ సంచి మూలకు విసిరి, "అమ్మా, నాయిన మేకలు కాస్తుండట గదా, డ్రైవర్ కాదట గదా" అంది. సులోచన మిషను ఆపలేదు. కుడుతూనే ఉంది. గుడ్డ ఎప్పుడో అయిపోయింది, సూది ఉత్త గాలిని కుడుతోంది.

ఫలితాలు వచ్చాయి. కొమురవ్వ ఫెయిల్. ఫోను మొత్తం వెతికినా ఆమె ఎవరికీ ఒక్క అక్షరం రాసింది లేదు, ఒక్క ఫొటో దిగింది లేదు. గ్యాస్ బండ చెప్పడానికి తప్ప దాన్ని ముట్టుకోలేదు. కనుక ఆమె గతాన్ని పూర్తిగా దాచినట్టు తేలింది.

పాసైంది ఫోను.

మీరు సరిగ్గానే చదివారు. దరఖాస్తులో అభ్యర్థి గుర్తింపు కింద పేరు కాదు, ఫోను నంబరే తీసుకున్నారు. పేర్లు మారతాయి, నంబర్లు నిజం చెబుతాయి అని నిశాంత్ సలహా. ఆ నంబరుకు జిల్లాలోనే అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. తెల్లారకముందే లేస్తుంది, అలారం ఉంది. భక్తి ఉంది. కుట్టుపని తెలుసు. అరబ్బీ సందేశాలు కూడా ఉన్నాయి కాబట్టి బహుభాషా ప్రావీణ్యం. ఎవరు ఏ వేళ పిలిచినా పలుకుతుంది. సంస్థను విమర్శించలేదు, బియ్యంలో పురుగుల సంగతి ఎత్తలేదు.

"సర్, ఇది... ఫోను కదా?" అని నిశాంత్‌కే ఎక్కడో అనుమానం వచ్చింది.

"పారదర్శకంగా మొదటి స్థానం పొందిన అభ్యర్థిని కాదంటే రేపు కోర్టులో ఏం జవాబు చెబుతాం?" అన్నారు మురహరిరావు గారు. "అభ్యర్థి ఏమిటన్నది మనకు అప్రస్తుతం. నడవడి ప్రధానం."

అలా ఫోనుకు నియామకపత్రం వచ్చింది. చేరిన రోజు హాస్టల్ వంటగదిలో స్టూలు వేసి, కొత్త తువ్వాలు పరిచి, దానిమీద ఫోనును కూర్చోబెట్టారు. వార్డెన్ మేడం దండ వేసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు, చప్పట్లు కొడితే పాయసం ఉంటుందనుకుని. పాయసం లేదు. పావుగంట గడిచినా అన్నం కూడా లేదు. ఫోను స్టూలు మీదే కూర్చుని ఉంది.

పాపం వార్డెన్ పై అధికారులను అడిగింది. "వంట ఉద్యోగికి సహాయకురాలిని రోజుకూలీ ప్రాతిపదికన తీసుకోవచ్చు" అని జవాబు వచ్చింది. సహాయకురాలిగా కొమురవ్వ వచ్చింది. పొయ్యి అదే, బగోనె అదే, గంటె అదే, కూలీ అదే. కాకపోతే ఇప్పుడు ఆమెకు పైన ఒక అధికారి ఉన్నాడు, దాన్ని సాయంత్రాలు చార్జింగ్ పెట్టాలి.

ఉద్యోగి హాస్టల్ విడిచి పోరాదు. ఫోను ఇప్పుడు హాస్టల్‌దే. దాంట్లో వచ్చే ప్రతి సందేశం రోజూ సంస్థకు పోతుంది, ఉద్యోగి నడవడి నిలకడగా ఉందో లేదో చూడాలి కదా. బాలవ్వ గుమ్మం పక్కన మేకుకు ఖాళీ గుడ్డసంచి వేలాడుతోంది.

సులోచన రోజూ వంటగది కిటికీ దగ్గరకు వచ్చి నిలబడేది. గంగారాం సందేశం వస్తే ఫోను తెర వెలుగుతుంది. ఆ వెలుగు చూసి పోయేది. ఒకరోజు మోగింది. కిటికీ ఊచల అవతల సులోచన, ఇవతల కొమురవ్వ. మధ్యలో స్టూలు మీద మస్కట్ నంబరు.

"ఎత్తనియ్యక్కా" అంది సులోచన.

వార్డెన్ గుమ్మంలోంచి కేక వేసింది. "కొమురవ్వా, ముట్టుకోకు! డ్యూటీల ఉన్నది!"

కొమురవ్వ ముట్టుకోలేదు. మోగి ఆగిపోయింది. మర్నాడు ఫోనుకు మెమో వచ్చింది. విధి నిర్వహణ సమయంలో విదేశీ వ్యక్తితో సంబంధం పెట్టుకోవడానికి ప్రయత్నించినందుకు ఎందుకు చర్య తీసుకోరాదో లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలట. మెమోను స్టూలు మీద, ఫోను కింద పెట్టి వెళ్లాడు గుమాస్తా.

ఆ రోజు కొమురవ్వ కూర కలుపుతోంది. కిటికీ దగ్గరకు సులోచన వచ్చింది. చూసి పోవడానికే వచ్చింది, ఏమీ అడగలేదు. కొమురవ్వ గంటె పక్కన పెట్టి, కొంగుకు చెయ్యి తుడుచుకుని, స్టూలు మీది ఫోను తీసి, దండ విప్పి, ఊచల్లోంచి బయటకు చాపింది.

"తీస్కపో."

"నీ పని పోతది గదక్కా!"

"ఇది పనా? స్టూలుకు బువ్వ వండి పెడుతున్న. తీస్కపోయి మాట్లాడు పో. పిల్లకు గూడ ఇనిపియ్యి, నాయిన గొంతు ఇని ఎన్నొద్దులాయెనో."

సులోచన పరుగెత్తింది.

అనుమతి లేకుండా విధులకు గైర్హాజరైనందుకు ఫోనును ఉద్యోగం నుంచి తొలగించారు. తొలగింపు ఉత్తర్వు బాలవ్వ తలుపుకు అంటించారు. సహాయం చేయడానికి ఉద్యోగి లేనందున సహాయకురాలిని కూడా తీసేశారు. ఇది కూడా నిబంధనే.

మళ్లీ ప్రకటన వేశారు. ఈసారి ఒక్క దరఖాస్తు రాలేదు. మైసయ్య కూడా తన సూర్యుళ్లను తుడిచేసుకుని బటన్ల ఫోనుకు తిరిగి వెళ్లిపోయాడు. మొగుడి ఏడుపు వింటూ సమోసాలు తిన్న ఆఫీసుకు తమ ఫోను ఇచ్చేవాళ్లు ఊళ్లో ఎవరూ మిగల్లేదు. హాస్టల్లో వార్డెన్ వండింది, ఒకపూట. రెండోపూట పిల్లలు ఖాళీ కంచాలు పట్టుకుని వెళ్లి పెద్దరోడ్డు మీద అడ్డంగా కూర్చున్నారు. బస్సులు ఆగాయి. ఎవరో ఫొటోలు తీశారు. ఆ ఫొటోలు మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేకుండా రాజధాని దాకా వెళ్లిపోయాయి. మర్నాడు కబురు వచ్చింది, ఆ తెల్లారి పైనుంచి పెద్దలు తనిఖీకి వస్తున్నారని.

ఆ సాయంత్రం వాడకట్టు మొదట్లో కారు ఆగింది. సందులోకి పట్టలేదు. మురహరిరావు గారు దిగి, మురుక్కాలువ దాటి, ప్యాంటు ఎత్తిపట్టుకుని నడుచుకుంటూ వచ్చారు. బాలవ్వ ఇంటి ముందు ఆడవాళ్లంతా కూర్చుని ఉన్నారు. కొమురవ్వ చేటలో బియ్యం చెరుగుతోంది.

"కొమురవ్వా, సంస్థ నీ సేవలను తాత్కాలిక ప్రాతిపదికన పునఃపరిశీలించి..."

"తాత్కాలికం ఇన్నేండ్లు జేసిన సారు. ఇగ జెయ్య."

"పిల్లలు ఆకలితో ఉన్నారమ్మా. నీకు జాలి లేదా?"

"నిన్న రోడ్డు మీద కూసున్నోళ్లకు బువ్వ ఎవలు పెట్టిన్రనుకున్నవ్?" అంది బాలవ్వ. "నీ సదస్సోళ్లు పెట్టిన్రా?"

మురహరిరావు గారు గొంతు సవరించుకున్నారు. "సరే. శాశ్వత ప్రాతిపదికన తీసుకునే అంశం సానుకూలంగా పరిశీలిస్తాం. రేపు ఉదయానికి మాత్రం రావాలి."

కొమురవ్వ చేట కింద పెట్టింది. "వస్త సారు. గని నేను ఎవల కింద పని జేస్తున్ననో నాకు ఎరుక గావాలె గద. నడవడి చూడాలె. మీరే చెప్పిన్రు. సులోచనా, ఇంట్ల నుంచి ఒక స్టూలు తే."

సులోచన స్టూలు తెచ్చి సందు మధ్యలో వేసింది. తువ్వాలు కూడా పరిచింది.

"నీ ఫోను ఈడ పెట్టు సారు. తాళం దీసి పెట్టు. స్పీకరు పెట్టు. మేమందరం ఇంటం. ఒక్కలే ఇంటే పచ్చపాతం గద."

"సమోసలు గూడ తెప్పిస్త" అంది బాలవ్వ.

ఎవరో కిసుక్కుమన్నారు. మురహరిరావు గారు నవ్వబోయారు. సరిగ్గా అప్పుడే ఆయన జేబులో ఫోను మోగింది. చెయ్యి దానంతటదే జేబు మీదికి పోయి గట్టిగా ఒత్తుకుంది. కారు డ్రైవరు సందు మొదట్లో నిలబడి ఆకాశంలో ఏదో వెతకడం మొదలుపెట్టాడు.

"ఎత్తు సారు" అంది కొమురవ్వ.

మోగి ఆగింది. మళ్లీ మొదలైంది. ఆయన నుదుటి మీద చెమట ముక్కు దాకా జారింది.

"అది... అది వ్యక్తిగతం" అన్నారు.

ఆ మాట సంస్థ పుట్టినప్పటి నుంచి సంస్థలోని ఏ నోటి నుంచీ రాలేదు. రావడానికి ఇంత చిన్న సందు కావలసి వచ్చింది.

"ఏమంటున్నడే?" అంది బాలవ్వ, వినపడనట్టు చెవి చాపి.

"వ్యక్తిగతమట పెద్దమ్మా."

"ఓహో. తప్పు జెయ్యనోనికి దాసుకునేదేముంటదని నువ్వే గద సారు రాసింది?"

ఫోను మూడోసారి మోగింది. ఇక మురహరిరావు గారు ఆగలేదు. కారులోంచి సంస్థ కాగితం తెప్పించి, ఆ స్టూలు మీదే పెట్టి, వంగి, నియామకపత్రం రాశారు. శాశ్వత ప్రాతిపదికన వంట ఉద్యోగి, కొమురవ్వ. పేరు రాశారు, నంబరు కాదు. చరవాణి పరిశీలన నుంచి మినహాయించడానికి కారణం రాయాలి, అది లేకపోతే కాగితం చెల్లదు. కలం ఆగింది. జేబు మోగుతూనే ఉంది. రాశారు.

సంతకం కాగానే సులోచన ఆ కాగితం తీసుకుని అందరికీ వినపడేలా చదివింది. "వ్యక్తిగత గోప్యతను గౌరవించవలసిన అవసరము దృష్ట్యా."

ఎవరి గోప్యతో అందులో లేదు.

కొమురవ్వ కాగితం మడిచి రొంటిన పెట్టుకుంది. మళ్లీ చేట ఎత్తింది. పొద్దున పిల్లల కోసం తీసుకుపోవాల్సిన బియ్యంలో రాళ్లున్నాయి.

ఇంతలో గుమ్మం పక్క మేకుకు ఉన్న గుడ్డసంచి మోగింది. సులోచన దూకినట్టు లేచి సంచిలో చెయ్యి పెట్టింది. తెర చూసి, గుండెకు ఆనించుకుంది. "ఆఁ... నేనే. చెప్పు. తిన్నవా?"

ఎవరూ ఎవరికీ చెప్పలేదు. వాడకట్టులో ఉన్న మొహాలన్నీ అటు తిరిగాయి. బియ్యం చెరిగే కొమురవ్వ మొహం, వక్క నమిలే బాలవ్వ మొహం, జడ వేసుకుంటున్న పిల్లల మొహాలు, అన్నీ గోడ వైపు తిరిగాయి. మురహరిరావు గారు మాత్రం అలాగే నిలబడి సులోచనను చూస్తున్నారు.

బాలవ్వ గోడ వైపు నుంచి మొహం తిప్పకుండానే అంది.

"సారూ, అటు దిరుగు."

తిరిగారు.